వినేదెవరు?

టెలిఫోను చాలా ఏళ్లుగా మనల్ని ఒక చిన్న మోసం చేస్తూ వచ్చింది. ఎన్నడూ మనం దాన్ని పట్టుకోలేదు.

మగవారి గొంతు మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 100 నుంచి 120 సార్లు కంపిస్తుంది. ఆ కంపనాల లెక్కను బట్టే ఇది బొంగురు గొంతు, ఇది కీచు గొంతు అని మనం పోల్చుకుంటున్నాం. అయితే పాతకాలపు టెలిఫోను తీగె 300 కంపనాలకు తక్కువైన ధ్వనిని దాదాపు మోయనే మోయదు. 3,400 దాటినదాన్నీ మోయదు. మాటను అర్థం చేసుకోవడానికి ఆ మధ్య భాగం చాలునని ఇంజనీర్లు లెక్కవేసి అలా కట్టారు. అంటే ఢిల్లీనుంచి అన్నగారు మాట్లాడితే ఆయన గొంతుకు పునాది అనదగిన 100 కంపనాల ధ్వని ఢిల్లీలోనే ఆగిపోవాలి గదా? మనకు చేరేసరికి ఆయన గొంతు ఏ చిన్నపిల్లవాడి గొంతుగానో మారిపోవాలి. కాని అలా జరగదు. "హలో" అనగానే అన్నగారే! రేకు డబ్బాలోంచి వచ్చినట్లు కాస్త బోలుగా వుంటుందేమో గాని, గొంతు శ్రుతి మాత్రం ఆయనదే.

తీగెలో రాని ధ్వని మన చెవిలో ఎలా మోగింది? మోగించింది ఎవరు?

ఈ ప్రశ్న వేసుకుని బయలుదేరితే దారి చెవిలోనుంచి మెదడులోకి పోతుంది. ఆ దారిలో శాస్త్రజ్ఞులు నూటయాభై ఏళ్లకు పైగా నడుస్తున్నారు. వారికి దొరికిన వాటిలో కొన్ని ప్రతి ఇంట్లోనూ తెలిసివుండవలసినవి. ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లోనూ, పిల్లలు చెవుల్లో యంత్రాలు దోపుకుని తిరిగే ఇంట్లోనూ.

నత్తగుల్లలో వాద్యం

మన వాడుకలో చెవి అంటే బయట కనిపించే డొప్ప. కమ్మలు పెట్టుకోవడానికీ, బడిలో పంతులుగారు మెలిపెట్టడానికీ పనికివచ్చింది ఇదే. దాని మడతలు కూడా వూరికే లేవు. ధ్వని ముందునుంచి వస్తున్నదో వెనకనుంచి వస్తున్నదో, పైనుంచో కిందినుంచో తేల్చుకోవడానికి అవి సాయపడతాయి. అక్కడినుంచి అంగుళం పొడవు గొట్టం; దాని చివర కర్ణభేరి. దాని వెనక మూడు ఎముకలు ఒకదానికొకటి గొలుసులాగా తగిలించి వున్నాయి. ఆకారాన్ని బట్టి వాటికి సుత్తి, దాగలి, రికాబు అని పేర్లు పెట్టారు. మన శరీరంలోని ఎముకలన్నిటిలోకీ చిన్నది ఈ రికాబే. దాని పొడవు మూడు మిల్లీమీటర్లు. బియ్యపు గింజలో సగం అనుకోండి.

ఈ ఎముకలు ఎందుకు? కర్ణభేరి నేరుగా లోపలికి మోగితే చాలదా? చాలదు. లోపలి చెవిలో వున్నది గాలి కాదు, ద్రవం. చెరువులో బుడుంగున మునిగినవాడికి గట్టుమీదివాళ్ల కేకలు వినిపించవు. గాలిలో వచ్చిన ధ్వని నీటి ఉపరితలానికి తగిలి దాదాపు అంతా వెనక్కి మళ్లుతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి ప్రకృతి ఒక ఉపాయం చేసింది. మేకు తలమీద పడ్డ సుత్తిదెబ్బ బలమంతా మొన దగ్గిర చేరినట్లు, వెడల్పయిన కర్ణభేరిమీద పడ్డ ఒత్తిడిని ఈ మూడు ఎముకలూ రికాబు అడుగున వున్న చిన్న కిటికీమీదికి చేరుస్తాయి. అక్కడికి వచ్చేసరికి ఒత్తిడి ఇరవై రెట్లదాకా పెరుగుతుంది. ఆరోగ్యమైన చెవికి నిశ్శబ్దమైన గదిలో వినిపించే అతి సన్నని ధ్వనికి కర్ణభేరి ఎంత కదులుతుందో తెలుసునా? హైడ్రోజన్ పరమాణువు మందమంతకూడా కాదు!

కిటికీకి అవతల వున్నదే అసలు చెవి. రెండున్నర చుట్లు తిరిగిన నత్తగుల్ల అది. చుట్లు విప్పి సాగదీస్తే 35 మిల్లీమీటర్లు. దాని పొడవునా లోపల ఒక సన్నని పొర పరిచి వుంటుంది. వాకిలి దగ్గిర అది ఇరుకుగా, బిగువుగా వుంటుంది. లోపలి కొసకు పోయేకొద్దీ వెడల్పయి వదులవుతుంది. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో సంగీత ధ్వనులమీద ఒక గొప్ప గ్రంథం ప్రకటిస్తూ, ఈ పొరలో పియానో తీగెలవంటి నూలుపోగులు వుండాలనీ, ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క పోగు పలుకుతుందనీ ఊహించాడు. ఊహలో సగం నిజమే. మిగతా సగాన్ని సరిదిద్దినవాడు హంగరీ దేశస్థుడు బెకెషీ. ఆయన వైద్యుడు కాదు. బుడాపెస్టులో టెలిఫోను ప్రయోగశాలలో పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. మంచి టెలిఫోను చేయాలంటే అవతల వినే చెవి ఎలాంటిదో తెలియాలి గదా అనుకుని మొదలుపెట్టాడు. చనిపోయినవారి చెవులు తెరిచి, సూక్ష్మదర్శినికింద పెట్టి, లోపల పొర కదలడం కళ్లతో చూశాడు.

తడి చీరను ఇద్దరు చెరొక కొసా పట్టుకుని దులిపితే ఒక అల ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది చూడండి, అలాగే ధ్వని ఈ పొరమీద అలగా పోతుంది. అయితే ప్రతి ధ్వనికీ ఒక చోటు వుంది. సన్నని ధ్వని వాకిలి దగ్గిరే ఉవ్వెత్తున లేచి అణిగిపోతుంది. బొంగురు ధ్వని లోపలి కొసదాకా పోయి అక్కడ లేస్తుంది. తీగెలు విడివిడిగా లేకపోయినా మెట్లు మాత్రం వున్నాయన్నమాట. ఈ పరిశోధనకు 1961లో బెకెషీకి నోబెల్ బహుమానం వచ్చింది.

పొరమీద వరసలు తీరి రోమకణాలు వుంటాయి. ఒక్కొక్క చెవిలో లోపలి వరసలో సుమారు 3,500, బయటి మూడు వరసల్లో కలిసి సుమారు 12,000. ఈ రెండంకెలూ కొంచెం గుర్తుంచుకోండి. తరువాత వీటితో పని వుంది. పొర కదిలినప్పుడు వీటి తలలమీది రోమాలు వంగుతాయి. వంగగానే విద్యుత్తు పుడుతుంది. లోపలి వరస కబురు మెదడుకు పంపుతుంది. బయటి వరసలు మాత్రం ఇంకొక వింత పని చేస్తాయి. ధ్వనికి అనుగుణంగా తామే సాగుతూ, కుంచించుకుపోతూ పొరను ఇంకా వూపుతాయి. సన్నని ధ్వనిని పెంచి చూపేది అవే. అవి అలా వూపడంవల్ల చెవిలోనుంచి ధ్వని బయటికి కూడా వస్తుంది! లండన్‌లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రజ్ఞుడు 1978లో ఈ సంగతి ప్రకటించాడు. చెవి వినడమే కాక పలుకుతుందంటే ఎవరు నమ్ముతారు? కాని పొత్తిళ్లలో వున్న పాపాయికి చెవులు వినిపిస్తున్నాయో లేదో తేల్చడానికి ఆస్పత్రుల్లో వాడే పరీక్షల్లో ఒకటి ఇదే. పాప నిద్రపోతూ వుండగా చెవిలో చిన్న గొట్టం పెట్టి టిక్కుమనిపిస్తారు. బదులుగా చెవి సన్నగా పలికితే లోపల అంతా సవ్యంగా వున్నట్లు. నిమిషాల్లో అయిపోయే పని. బిడ్డను ఇంటికి తీసుకుపోయేముందు ఆస్పత్రిలో ఈ పరీక్ష చేశారా అని అడగడం తల్లిదండ్రులకు న్యాయం.

గ.సా.భా. లెక్క

ఇక్కడితో ధ్వని కథ అయిపోయింది. ఇక మీదట ధ్వని లేదు. శ్రవణనాడిలో వున్న సుమారు 30,000 పోగులు మెదడుకు మోసుకుపోయేది టిక్కుటిక్కుమనే విద్యుత్ స్పందనలను మాత్రమే. పుర్రెలోపల చీకటి, అక్కడికి రాగమూ చేరదు, మాటా చేరదు. ఏయే మెట్లు మోగాయో, ఎంత బలంగా మోగాయో, ఎప్పుడు మోగాయో తంతివార్తలు చేరతాయి, అంతే. వాటినిబట్టి బయట ఏం జరుగుతున్నదో మెదడు ఊహించుకోవాలి. ఆ ఊహకే మనం వినికిడి అని పేరు పెట్టుకున్నాం.

ఇప్పుడు టెలిఫోను మోసానికి వద్దాం. మనిషి గొంతుగాని, తీగెగాని 100 సార్లు కంపిస్తే దానితోపాటు 200, 300, 400, 500 కంపనాల ధ్వనులు కూడా సన్నగా పుడతాయి. వీటిని భౌతికశాస్త్రంలో అనుస్వరాలంటారు. (తెలుగు మేష్టర్లు సున్న గురించి చెప్పే అనుస్వారం వేరు సుమండీ.) టెలిఫోను 100నూ 200నూ మింగేసింది, 300, 400, 500, 600 మాత్రం పంపింది. వీటన్నిటికీ గరిష్ఠ సామాన్య భాజకం ఎంత? అయిదో తరగతి పిల్లవాడు చెబుతాడు: 100. మెదడు ఆ లెక్కే చేస్తుంది. పలకా బలపమూ లేకుండా, మనకు తెలియకుండా, రెప్పపాటులో. ఇన్ని అనుస్వరాలు ఇలా సమాన దూరంలో కలిసి వచ్చాయంటే వీటికి మూలం ఒక్కటే అయివుండాలి, అది 100 అయివుండాలి అని తేల్చి, రాని ధ్వనిని వచ్చినట్లే మనకు వినిపిస్తుంది. అరచేతిలో ఇమిడే రేడియోలో మృదంగం ఎడమవైపు గుంభనంగా వినిపించడానికి కూడా చాలావరకు ఇదే కారణం. అంత లోతైన ధ్వనిని పలికించే శక్తి అంత చిన్న స్పీకరుకు ఎక్కడిది?

ఈ సందర్భంలో తంబురాను తలుచుకోకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. తంబురాకు వున్న తీగెలు నాలుగు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. గాంధారం తీగె లేదు. కాని శ్రుతి చక్కగా కలిసి, తీగెకింద నూలుపోగు సరైన చోట పడితే, మంద్రం తీగెలోనుంచి అంతర గాంధారం తనంత తాను వినిపిస్తుంది. అందుకే దాన్ని స్వయంభూ గాంధారం అన్నారు. ఇది మెదడు కల్పన కాదు. మంద్రం తీగె అయిదవ అనుస్వరం. తీగెలో నిజంగానే వుంది. శిక్షణ లేని చెవికి అది మంద్రంలో కలిసిపోతుంది, శిక్షణ వున్న చెవి దాన్ని విడదీసి పట్టుకుంటుంది. చెవిలో పొర ఇద్దరికీ ఒకటే. తేడా అంతా వినడం నేర్చిన మెదడులో వుంది.

చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న చంద్రశేఖర వెంకటరామన్ తరువాత కలకత్తాలో వుండగా ఈ వాద్యాలమీద చాలా పనిచేశాడు. తీగెను నట్టనడుమ మీటితే సరిసంఖ్య అనుస్వరాలు పుట్టకూడదని ఐరోపా సూత్రం. తంబురా, వీణ ఈ సూత్రాన్ని లెక్కచేయవనీ, దానికి కారణం వాటి వెడల్పయిన, వంపు తిరిగిన గుర్రం అనీ ఆయన 1921లో చూపించాడు. అంతకు ముందే, 1920లో, శివకాళి కుమార్‌తో కలిసి మృదంగం సంగతి తేల్చాడు. మామూలు చర్మవాద్యంలో పుట్టే ధ్వనులకు గ.సా.భా. కుదరదు. అందుకే డప్పు మోగుతుంది గాని దానికి ఫలానా శ్రుతి అని చెప్పలేం. మృదంగం కుడివైపు మధ్యలో వున్న నల్లని పూత బరువువల్ల ఆ ధ్వనులు వరసలో పడి అనుస్వరాలవుతాయి. మెదడు చేసే లెక్క కుదురుతుంది. మృదంగాన్ని శ్రుతి చేయడం సాధ్యమవుతుంది. రామన్ గొప్పవాడే. కాని ఆ పూత ఎంత మందం వుండాలో, ఎంత మేర వుండాలో ఏ సూత్రమూ లేకుండా చెవితో కొలిచి తేల్చిన అజ్ఞాత శిల్పులు ఆయనకంటె తక్కువవారని నేను అనుకోను.

లేని ధ్వనిని మెదడు కల్పించడం స్వరాలతో ఆగదు. మాటల్లో ఇంకా చిత్రాలు జరుగుతాయి. 1970లో అమెరికాలో వారెన్ అనే ఆయన ఒక వాక్యాన్ని రికార్డుచేసి, ఒక పదంలో ఒక్క అక్షరం ధ్వనిని పూర్తిగా కత్తిరించి, ఆ చోట ఒక దగ్గు అతికించాడు. విన్నవాళ్లకు పదం పూర్తిగా వినిపించింది. దగ్గు కూడా వినిపించింది గాని అది ఏ అక్షరంమీద పడిందో సరిగ్గా చెప్పలేకపోయారు! 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ఇంతకంటె గమ్మత్తయినది బయటపెట్టారు. తెరమీద మనిషి పెదవులు "గ" అంటూ వుంటాయి. అదే క్షణంలో ధ్వని "బ" అని వినిపిస్తుంది. చూసేవాళ్లలో చాలామంది విన్నది "గ"యూ కాదు, "బ"యూ కాదు, "డ"! కళ్లు మూసుకుంటే మళ్లీ "బ". కంఠంనుంచి పుట్టేది ఒకటి, పెదవులనుంచి పుట్టేది ఒకటి; మెదడు రెంటికీ నడుమ పుట్టే మూడోదాన్ని పట్టుకుని రాజీ కుదిర్చింది. వర్ణోత్పత్తి స్థానాలు వరస కట్టిన మన ప్రాచీన వైయాకరణులు వుంటే దీన్ని చూసి ఎంత సంతోషించేవారో!

పాట ఎక్కడ వుంటుంది?

మాట వినడమే ఇంత తంతయితే పాట సంగతి ఏమిటి? మెదడులో పాటకు వేరే గది వున్నదా?

ఇద్దరు విద్వాంసుల జీవితాలు దీనికి కొంత సమాధానం చెబుతాయి. మాస్కోకు చెందిన స్వరకర్త షెబాలిన్‌కు 1953లోనూ, మళ్లీ 1959లోనూ మెదడు ఎడమ భాగంలో రక్తప్రసారం దెబ్బతిని మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థంచేసుకోవడం, వస్తువుల పేర్లు చెప్పడం కష్టమయిపోయింది. కాని సంగీతం పోలేదు. శిష్యుల రచనలు విని దిద్దాడు. 1962లో తన అయిదవ సింఫనీ పూర్తిచేసి, మరుసటి సంవత్సరం కన్నుమూశాడు. ఫ్రాన్సు స్వరకర్త రవేల్‌ది ఇంకొక విధమైన దురదృష్టం. 1937లో చనిపోయేముందు అయిదేళ్లపాటు ఆయన తలలో సంగీతం మోగుతూనే వుండేది. విన్న పాటలో తప్పు పట్టగలిగేవాడు. కాని తోచినదాన్ని కాగితంమీద పెట్టే శక్తి మాత్రం నశించింది. ఒకరికి మాట పోయి పాట మిగిలింది. ఇంకొకరికి పాట మిగిలి అది బయటికి వచ్చే దారి మూతపడింది. పాటకు ఒక్క గది లేదని, ఇల్లంతా పరుచుకుని వుంటుందని అర్థం. శ్రుతి ఒకచోట, తాళం ఒకచోట, జ్ఞాపకం ఇంకొకచోట.

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లలో కొందరు చిన్ననాటి పాటను మాటలతో సహా పాడగలగడం వైద్యులు ఏనాటినుంచో చూస్తున్నారు. "మంచినీళ్లు" అని అనలేని మనిషి పాటలో పదాలు పలుకుతాడు. దీన్ని ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఒక చికిత్స రూపొందించారు. నిత్యావసరమైన చిన్నచిన్న మాటలను రాగం తీస్తూ, ఎడమచేత్తో తాళం వేస్తూ పలికించి, క్రమంగా రాగాన్ని తగ్గిస్తూ పోవడం. అందరికీ పనిచేయదు, కొందరికి పనిచేసింది. ఇంట్లో అలాంటి రోగి వుంటే ఎదురుగా కూర్చుని తెలిసిన పాట ఒకటి పాడి చూడడంలో నష్టం లేదు.

తాళం మాత్రం మనం పుట్టుకతో తెచ్చుకున్నదే. 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో రెండు మూడు రోజుల పసికందులు నిద్రపోతూ వుండగా మద్దెల దరువు వినిపించారు. మధ్యమధ్య సరిగ్గా తాళం పడవలసిన చోట దెబ్బ వదిలేశారు. ఆ చోటు వచ్చేసరికి, నిద్రలోనే, పాపల మెదడు ఉలిక్కిపడింది. ఇక రాబోయే దెబ్బకోసం కాచుకుని వుండడంలోనే సంగీతానందం సగం వుందని 2011లో కెనడాలో మాంట్రియల్ శాస్త్రజ్ఞులు చూపించారు. ఇష్టమైన పాట వింటూ ఒళ్లు గగుర్పొడిచేవాళ్లను ఎంచి పరీక్షిస్తే, ఆకలి తీరినప్పుడు మెదడులో పుట్టే డోపమిన్ అనే రసాయనమే అప్పుడూ పుడుతున్నది. అది కూడా రెండు విడతలుగా: గగుర్పాటుకు ముందు, ఎదురుచూస్తూ వుండగా ఒకచోట, ఆ క్షణం వచ్చినప్పుడు ఇంకొకచోట. గాయకుడు కల్పనస్వరాలు వేస్తూ వేస్తూ, ఎటుపోయి ఎటు వస్తాడోనని మనల్ని ఊరించి, సరిగ్గా ఎత్తుగడ దగ్గిరకు వచ్చి వాలినప్పుడు సభంతా "ఆహా" అంటుందే, ఆ "ఆహా"కు ముందు క్షణమే అసలు విందు అన్నమాట.

హల్లులు రాలిపోయిన మాట

రోమకణాల సంఖ్య గుర్తుంచుకోమన్నాను. ఒక చెవిలో అన్నీ కలిసి పదిహేనువేలు, కొంచెం అటూ ఇటూ. ఒక వీధిలో బస్తా విప్పితే రాలే బియ్యపు గింజలకంటె తక్కువ. పుట్టినప్పుడు ఎన్ని వున్నాయో అంతే. చచ్చినవాటి చోట కొత్తవి మొలవవు. ఇందులో కోడి మనకంటె అదృష్టవంతురాలు. పక్షులకు రోమకణాలు పోతే మళ్లీ పుడతాయని 1988లో తేలింది. ఆ కిటుకు మన చెవికి నేర్పాలని అప్పటినుంచీ ప్రయత్నం జరుగుతూనే వుంది.

వయసుతోపాటు ముందుగా దెబ్బతినేవి నత్తగుల్ల వాకిలి దగ్గిర వున్న కణాలు. అంటే సన్నని ధ్వనులను పట్టేవి. పసితనంలో 20,000 కంపనాలదాకా వినే చెవి, యాభై దాటేసరికి చాలామందికి పన్నెండువేల దగ్గిరే ఆగిపోతుంది. అంతమాత్రాన నష్టం తెలియదు. క్రమంగా అది నాలుగువేలకు, మూడువేలకు దిగివచ్చినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది.

మన వ్యాకరణంలో అచ్చులను ప్రాణాలనీ, హల్లులను ప్రాణులనీ అన్నారు. చెవి దృష్టితో చూస్తే మాటలో బలమంతా అచ్చుల్లో వుంది. అవి లోతైన ధ్వనులు. ఏ మాట అన్నది తేల్చేవి మాత్రం ఎక్కువగా హల్లులు. వాటిలోనూ క చ ట త ప అనే పరుషాలు, శ ష స అనే ఊష్మాలు సన్నని, బలహీనమైన, క్షణికమైన ధ్వనులు. వయసు మళ్లిన చెవిలో అవే ముందు రాలిపోతాయి. పప్పు, కప్పు, తప్పు మూడూ ఒక్కటిగా వినిపిస్తాయి. కోడలు "కప్పు ఇలా ఇవ్వండి మామయ్యగారూ" అంటే ఆయన "పప్పు ఇప్పుడెందుకమ్మా, ఇందాకనేగా భోంచేశాను?" అంటారు. పిల్లలు నవ్వుతారు. రెండుసార్లు నవ్విన తరువాత ఆయన మాట్లాడడం తగ్గిస్తారు.

అలాంటి పెద్దవాళ్లమీద మన ఇళ్లలో రెండు నేరాలు మోపుతూ వుంటాం. ఒకటి, "కావలసిన మాటలు మాత్రం బాగానే వినిపిస్తాయి" అని. ఇంతవరకు చదివినవారికి దీనిలోని అన్యాయం తెలిసేవుంటుంది. గది నిశ్శబ్దంగా వుండి, మనిషి ఎదురుగా వుండి, విషయం తెలిసినదయితే రాలిపోయిన హల్లులను మెదడు పూడ్చుకుంటుంది. వారెన్ దగ్గును పూడ్చుకున్నట్లే. టెలివిజన్ మోగుతూ వుంటే, నలుగురు ఒక్కసారి మాట్లాడుతూ వుంటే, వంటింట్లోనుంచి వీపు తిప్పి అడిగితే ఆ పూడిక కుదరదు. రెండో నేరం, "మెల్లిగా చెబితే వినబడదంటారు, గట్టిగా చెబితే అరవకు అంటారు" అని. రెండూ నిజమే! సన్నని ధ్వనిని పెంచే బయటి వరస కణాలు పోయినందువల్ల మెల్లని మాట అందదు. పెద్ద ధ్వని మాత్రం మనకు ఎంత పెద్దగా వినిపిస్తుందో వారికీ అంతే. మధ్యలో వున్న మెట్లు పోయాయి. పైగా మనం అరిచినప్పుడు పెరిగేది అచ్చులే గాని హల్లులు కావు. కనక అరవడం శుద్ధ దండగ. ఎదురుగా కూర్చుని, ముఖంమీద వెలుతురు పడేటట్లు చూసుకుని, నిదానంగా చెప్పాలి. పెదవులు కూడా మాటలో భాగమేనని మెక్‌గర్క్ చూపించాడు గదా.

వయసును మనం ఆపలేం గాని రొదను ఆపగలం. 85 డెసిబెల్‌ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి వుండరాదని అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్‌లకూ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గిర పావుగంట. ఈ రోజుల్లో పెళ్లి ఊరేగింపుల్లో, చవితి పందిళ్లలో పెట్టే కొండంత స్పీకర్ల ముందు పావుగంట సుఖంగా దాటిపోతుంది. మన దేశంలో 2000వ సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు దాటరాదు. రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా బహిరంగంగా లౌడుస్పీకరు వాడరాదు. నిబంధన బాగానే వుంది. అమలు సంగతి చదువరులకు నేను చెప్పనక్కర్లేదు.

అలాంటి చోటునుంచి వచ్చిన రాత్రి చెవులు గుయ్యిమంటాయి, మర్నాటికి తగ్గిపోతుంది, ఏమీ కాలేదనుకుంటాం. 2009లో అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు ఎలుకలమీద చేసిన పరీక్ష ఈ ధీమాను చెడగొట్టింది. రొదకు గురిచేసిన ఎలుకలకు వినికిడి కొద్ది రోజుల్లో తిరిగి వచ్చింది. రోమకణాలు కూడా నిక్షేపంగా వున్నాయి. కాని ఆ కణాలను నాడిపోగులతో కలిపే ముడులు కొన్నిచోట్ల సగందాకా తెగిపోయాయి, మళ్లీ అతకలేదు. మనుషుల్లోనూ అంతేనా అన్నది ఇంకా తేలుతూ వుంది. చెవుల్లో నేరుగా పాట పోసుకునే అలవాటువల్ల నూరుకోట్లకు పైగా యువతీయువకుల వినికిడికి ముప్పు వుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించింది.

పోయిన వినికిడికి మందు లేదు, యంత్రం వుంది. పుట్టు చెవిటి పిల్లలకు నత్తగుల్లలోకి సన్నని తీగె పంపి నేరుగా నాడిని మీటే యంత్రాలు వచ్చాయి. మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ 1978లో అమర్చిన బహుళ మార్గ యంత్రం వాటికి ఒరవడి. ఇప్పటివాటిలో బాగా వాడుకలో వున్న ఒక రకానికి వుండే మీటలు 22. లోపలి వరసలో 3,500 కణాలు చేసే పనికి 22 మీటలు! అయినా పసితనంలోనే అమరిస్తే మెదడు ఆ కాస్త ఆధారంతోనే భాష నేర్చుకుంటుంది. పాట మాత్రం ఆ యంత్రంలో సరిగా పలకదు, గ.సా.భా. తీయడానికి కావలసిన అంకెలే అక్కడికి చేరవు.

పెద్దవాళ్లకు చాలావరకు మామూలు వినికిడి యంత్రం చాలు. మన ఇళ్లలో కళ్లజోడుకు లేని సిగ్గు దీనికి వుంది. ఆ సిగ్గు ఖరీదు తక్కువది కాదు. నడివయసులో వచ్చే వినికిడి లోపానికీ ముసలితనపు మతిమరుపు వ్యాధికీ ముడి వున్నదని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన సంఘం 2017లో చెప్పింది, తరువాతి నివేదికల్లోనూ చెప్పింది. ఒకదానివల్లనే మరొకటి వస్తున్నదా అన్న వాదం ఇంకా నడుస్తున్నది గాని, మనుషుల మధ్య వుండి మాటలకు దూరమైనవాడి మెదడుకు మేత తగ్గుతుందన్నది నాకు నమ్మదగిన మాటగానే తోస్తుంది.

యంత్రం కొన్న తరువాత ఒక ప్రమాదం వుంది. తాతగారు నాలుగురోజులు పెట్టుకుని "అంతా గోల" అని తీసి బీరువా సొరుగులో పెడతారు. డబ్బు దండగయిందని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఫ్యాను చప్పుడు, పేపరు పుట తిప్పిన చప్పుడు, తన చెప్పుల చప్పుడు ఆయన మెదడు విని ఏళ్లయింది. వాటిని విని వదిలేసే అలవాటు పోయింది. మళ్లీ నేర్చుకోవాలి. దానికి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదట రోజుకు ఒక గంట, నిశ్శబ్దమైన గదిలో, ఒక్క మనిషితో కబుర్లు. తరువాత రెండు గంటలు. తరువాత పిల్లలు ఆడుకునే వరండాలో. సొరుగులో పెట్టిన యంత్రం ఇంకా అక్కడే వుంటే బ్యాటరీ మార్చి ఈ ఆదివారం మళ్లీ మొదలుపెట్టవచ్చు.